తాగుడు మానాక నిలబడినవాళ్లు, నిలబడలేకపోయినవాళ్లు: బెస్ట్, ఆడమ్స్, ముల్లర్‌ల మధ్య తేడా ఎక్కడ వచ్చింది?

లెఫ్ట్‌వింగ్_ఓరుగల్లు:

అందరికీ నమస్కారం. మా ఫుట్‌బాల్ అకాడమీలో 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకి నెలకోసారి ఆట బయటి విషయాల మీద ఒక క్లాసు ఉంటుంది. వచ్చే నెల మందు గురించి. "తాగితే చెడిపోతారు" అని మొదలుపెడితే ఈ కాలం పిల్లలు వినరు, ఫోన్ తీసి మనకే ఎదురు చూపిస్తారు. మాంచెస్టర్ యునైటెడ్ జార్జ్ బెస్ట్ తాగుతూనే యూరోపియన్ కప్ గెలిచాడు కదా సార్, కెప్టెన్ టోనీ ఆడమ్స్ తాగే రోజుల్లోనే ఆర్సెనల్ 1989లో, 1991లో లీగ్ గెలిచింది కదా అంటారు. అబద్ధం అనలేం.

నాకు కావాల్సింది నీతికథలు కాదు. బెస్ట్, బ్రెజిల్ ఆటగాడు గరించా, ఇంగ్లండ్ ఆటగాడు గాస్కోయిన్ ఎందుకు పైకి లేవలేకపోయారు? ఆడమ్స్, ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్, జర్మనీ ఆటగాడు గెర్డ్ ముల్లర్ ఎలా మానగలిగారు? చికిత్సలో అసలు ఏం చేస్తారు, అది ఎక్కడ తప్పుతుంది? ఆట మీద ప్రభావం లెక్కల్లో చెప్పగలిగితే ఇంకా మంచిది. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా ఫర్వాలేదు.

మిడ్‌ఫీల్డ్_మూర్తి:

ముందు పిల్లల లెక్క సరిచేయాలి. 1968లో వెంబ్లీలో బెన్ఫికా మీద 4-1తో యూరోపియన్ కప్ గెలిచినప్పుడు బెస్ట్‌కి 22 ఏళ్లు. అదే ఏడాది యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్. తాగుడు ముదిరింది ఆ తర్వాత. 1969లో మ్యాట్ బస్బీ మేనేజర్ కుర్చీ దిగాడు, 1973లో బాబీ చార్ల్టన్ రిటైరయ్యాడు, డెనిస్ లా మాంచెస్టర్ సిటీ క్లబ్బుకి వెళ్లిపోయాడు. కుంగిపోతున్న జట్టు బరువంతా బెస్ట్ మీద పడింది. 1971-72లో కూడా యునైటెడ్ తరఫున ఎక్కువ గోల్స్ అతనివే. అంటే బయటి నుంచి చూసేవాళ్లకి ఏమీ కాలేదు. రెండేళ్లు తిరక్కుండానే, 1974 జనవరి 1న క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 3-0తో ఓడిన మ్యాచ్ యునైటెడ్‌కి అతని చివరి ఆట అయింది. వయసు 27. మొత్తం 470 మ్యాచ్‌లు, 179 గోల్స్. ఆ సీజన్ చివర్లో యునైటెడ్ రెండో డివిజన్‌కి జారిపోయింది.

మీ క్లాసులో చెప్పాల్సిన మొదటి మాట నా దృష్టిలో ఇదే: ఆట బాగానే సాగుతోందంటే జబ్బు లేదని అర్థం కాదు. అన్నిటికంటే ఆలస్యంగా దెబ్బతినేది ఆటే. ఇల్లు, డబ్బు, డ్రైవింగ్, ప్రాక్టీసుకి టైముకి రావడం ఇవన్నీ ముందు పోతాయి. ఆడమ్స్ 1990 మేలో తాగి కారు గోడకి కొట్టాడు, ఆ డిసెంబరులో నాలుగు నెలల జైలు శిక్ష పడి అందులో సగం అనుభవించాడు. ఆ సీజన్‌లోనే ఆర్సెనల్ ఛాంపియన్. జైలు నుంచి వచ్చిన కెప్టెన్ కప్పు ఎత్తితే ఆయనకి సమస్య ఉందని ఎవరు అడుగుతారు? అడగలేదు. ఇంకో ఐదేళ్లకు పైగా అలాగే గడిచింది.

1996 జూన్‌లో యూరో సెమీఫైనల్‌లో ఇంగ్లండ్ జర్మనీ చేతిలో ఓడాక ఆడమ్స్ వారాల తరబడి ఆపకుండా తాగాడు. 1996 ఆగస్టు 16న ఆపాడు. సెప్టెంబరులో జట్టు సభ్యులందరి ముందూ "నేను ఆల్కహాలిక్‌ని" అని చెప్పేశాడు. అక్టోబరు మొదట్లో కొత్త మేనేజర్‌గా ఆర్సెన్ వెంగర్ వచ్చాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులు, కౌన్సెలింగ్, వాటితో పాటు పియానో పాఠాలు, ఫ్రెంచ్, సాహిత్యం చదువు. పియానో ఎందుకని నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రాక్టీసు అయిపోతే రాత్రి దాకా ఏం చేయాలనేదే ఇంగ్లిష్ ఫుట్‌బాలర్‌కి అసలు సమస్య. ఆ ఖాళీ గంటలన్నీ అప్పటిదాకా పబ్బువే. ఆర్సెనల్‌లో మంగళవారం తాగే బ్యాచ్‌కి "ట్యూస్‌డే క్లబ్" అని పేరే ఉండేది, బుధవారం సెలవు కాబట్టి. మానాక ఆడమ్స్ ఇంకో ఆరేళ్లు ఆడాడు, 1998లో, 2002లో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ కలిపి కెప్టెన్‌గా గెలిచాడు. 2000లో ఆటగాళ్ల కోసం స్పోర్టింగ్ చాన్స్ క్లినిక్ పెట్టాడు.

ఇప్పుడు దీని పక్కన బెస్ట్ రోజుల్ని పెట్టి చూడండి. 1973లో మాంచెస్టర్‌లో నైట్‌క్లబ్ భాగస్వామి. తర్వాత అమెరికాలో ఆడుతున్నప్పుడు కాలిఫోర్నియాలో సొంత బార్. స్టాక్‌పోర్ట్, ఫుల్హమ్, లాస్ ఏంజెలెస్, ఫోర్ట్ లాడర్‌డేల్, ఎడిన్‌బరోలో హిబర్నియన్, శాన్ హోసే, ఇలా క్లబ్బు తర్వాత క్లబ్బు. ఆ క్లబ్బులకి కావాల్సింది అతని పేరు చూసి టికెట్ కొనే జనం. సోమవారం ఎలా ఉన్నాడో పట్టించుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. స్కాట్లండ్ ఆటగాడు జిమ్ బ్యాక్స్‌టర్‌దీ అదే దారి: 1964 డిసెంబరులో వియన్నాలో కాలు విరిగింది, ఆ ఖాళీలో తాగుడు పెరిగింది, 31 ఏళ్లకే 1970లో ఆట ముగిసింది, తర్వాత గ్లాస్గోలో పబ్బు నడిపాడు. 1994లో రెండు లివర్ మార్పిళ్లు, 2001లో 61 ఏళ్లకి మరణం. మాజీ ఆటగాడికి గౌరవంగా ఇచ్చే ఉద్యోగం పబ్బు యజమాని కావడం అనుకున్న కాలం అది. తాగుడు ఉన్నవాడిని మందు కౌంటర్ వెనక నిలబెట్టడం ఏం ఆలోచనో!

ముల్లర్ కథ కూడా మొదట అలాగే నడిచింది. జర్మనీకి 62 మ్యాచ్‌లలో 68 గోల్స్ కొట్టిన మనిషి. 1979లో ఫ్లోరిడా వెళ్లి ఫోర్ట్ లాడర్‌డేల్‌కి ఆడాడు, అక్కడే రెస్టారెంట్ పెట్టాడు, మ్యూనిక్‌కి తిరిగొచ్చాక తాగుడులో మునిగిపోయాడు. 1991లో ఉలి హోనెస్, బెకెన్‌బావర్ లాంటి పాత సహచరులు పట్టుబట్టి చికిత్సకి ఒప్పించారు. అంతవరకు చాలామందికి జరుగుతుంది. బయట పడ్డాక అతని పాత క్లబ్బు బయర్న్ మ్యూనిక్ అతన్ని సన్మానించి ఇంటికి పంపలేదు, 1992 నుంచి యువ ఆటగాళ్ల కోచింగ్‌లో పని ఇచ్చింది. ఏళ్ల తరబడి రిజర్వ్ జట్టుకి అసిస్టెంట్ కోచ్. పొద్దున్నే మైదానానికి రావాలి, కుర్రాళ్లు ఎదురుచూస్తుంటారు, రాకపోతే అదే రోజు తెలిసిపోతుంది. 2014 దాకా అలాగే చేశాడు. తర్వాత అల్జీమర్స్ వచ్చింది, 2021లో 75 ఏళ్లకి పోయాడు, అది వేరే విషయం.

కాబట్టి నా జవాబు: చికిత్స అందరికీ దొరికింది. చికిత్స అయ్యాక పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలి అనేదానికి జవాబు కొందరికే దొరికింది. "మనోబలం" అనే మాట ఈ చర్చలోకి తేకండి, 17 ఏళ్లకి యునైటెడ్‌కి ఆడి 22కి బాలన్ డోర్ కొట్టినవాడికి మనోబలం లేదనడం నాకు నోరు రాదు.

కాలేయం_కబుర్లు:

మూర్తి గారు మైదానం వైపు చెప్పారు, నేను ఆసుపత్రి వైపు రాస్తాను. పిల్లలకి ఇదంతా అక్కర్లేదు గానీ కోచ్‌లకి కావాలి.

రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో ముందు తెలుసుకోవాలి. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, గుండె దడ. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం: మనిషికి ఎక్కడున్నాడో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీనికి చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది. "రేపట్నుంచి మానేస్తున్నా" అని గదిలో తలుపేసుకోవడం అందరికీ మంచి నిర్ణయం కాదు. 2013లో గాస్కోయిన్ అమెరికాలోని అరిజోనాలో చికిత్సకి వెళ్లి, మందు ఆపే దశలోనే ఐసీయూలో చేరాల్సి వచ్చింది. అదీ చుట్టూ డాక్టర్లు ఉన్నచోట.

డీటాక్స్ అంటే ఈ దశని సురక్షితంగా దాటించడం, అంతే. వణుకు, చెమట, ఆందోళన, అయోమయం లాంటి పది అంశాలకి మార్కులు వేసే ఒక స్కేల్ ఉంది, మొత్తం 67. ఎనిమిది లోపు ఉంటే గమనిస్తూ ఉంటే సరిపోవచ్చు, పదిహేను దాటితే జాగ్రత్తగా మందులు. సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్ లేదా డయాజెపామ్, మొదటి రోజు ఎక్కువ ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ 5 నుంచి 7 రోజుల్లో ఆపేస్తారు. లివర్ దెబ్బతిని ఉంటే ఇవి ఒంట్లో పేరుకుపోతాయి, అప్పుడు లోరాజెపామ్ వాడతారు. వీటితో పాటు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజక్షన్‌గా. తిండి మానేసి తాగినవాడిలో ఇది ఖాళీ అయిపోయి ఉంటుంది. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే ఉన్న కొంచెం కూడా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది: నడక తూలడం, కళ్లు ఒకచోట నిలవకపోవడం, అయోమయం. ఆలస్యమైతే కొత్త విషయాలు గుర్తుండని స్థితి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. "నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ పెట్టించండి" అనే మన ఊరి అలవాటు ఇక్కడ చాలా ప్రమాదం.

ఎక్కువమంది చికిత్స అయిపోయిందని అనుకునేది ఈ వారం రోజులకే. నిజానికి అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. తాగాలనే తపన తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మిల్లీగ్రాములు, లేదా అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు పూటకి రెండు చొప్పున మూడు పూటలు. అకాంప్రోసేట్‌కి కిడ్నీలు బాగుండాలి, నాల్ట్రెక్సోన్‌కి లివర్ పరీక్ష చూడాలి. ఆటగాళ్ల విషయంలో ఒక మెలిక ఉంది: నాల్ట్రెక్సోన్ వాడుతున్నవాడికి ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు పనిచేయవు. మోకాలి ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్‌కి చెప్పకపోతే చాలా ఇబ్బంది. ఎలాగూ ట్రమడాల్‌ని 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధించారు.

తాగుడు మానడానికి బెస్ట్ పొట్ట చర్మం కింద బిళ్లలు పెట్టించుకున్నాడు, అవి డైసల్ఫిరామ్ అనే మందువి. ఈ మందు ఆల్కహాల్‌ని మధ్యలో, అసెటాల్డిహైడ్ దశలోనే ఆపేస్తుంది. అప్పుడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. భయంతో మానేయించే పద్ధతి. రోజూ మాత్రగా, ఇంట్లో ఒకరి ఎదురుగా వేసుకుంటే కొందరికి ఉపయోగపడుతుంది. చర్మం కింద పెట్టే బిళ్లల నుంచి రక్తంలోకి చేరే మోతాదు చాలదు, వాటి మీద తాగేసిన వాళ్లు ఎందరో. తపన అలాగే ఉంటుంది, కాపలా మాత్రమే పెట్టారు.

లివర్ మార్పిడి కూడా అంతే. 2002లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో బెస్ట్‌కి కొత్త లివర్ వచ్చింది, 2003 నాటికి మళ్లీ తాగుతున్నాడు, 2004లో తాగి నడిపినందుకు డ్రైవింగ్ నిషేధం. ఆపరేషన్ లివర్‌ని మారుస్తుంది, జబ్బు మెదడులోని అలవాటులో ఉంది. పైగా కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వేసుకోవాలి, అందుకే మామూలు ఇన్ఫెక్షన్ కూడా ముదురుతుంది. 2005 అక్టోబరులో ఆసుపత్రిలో చేరాడు, ఇన్ఫెక్షన్ పాకి, ఒక్కో అవయవం ఆగిపోతూ నవంబరు 25న పోయాడు. 59 ఏళ్లు. అతని తల్లి కూడా తాగుడు వల్లే 1978లో పోయింది. ఈ ఒక్క వాక్యం మీ క్లాసులో తప్పకుండా చెప్పండి: అమ్మానాన్నల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే పిల్లలకి ముప్పు ఎక్కువ, "నేను కంట్రోల్ చేసుకోగలను" అనే లెక్క వాళ్లకి వర్తించదు.

గోల్‌పోస్ట్_గోపి:

మూర్తి గారూ, మీ కథ మరీ చక్కగా కుదిరిపోయింది, అందుకే నమ్మకం కుదరట్లేదు.

పాల్ మెర్సన్ సంగతి చూడండి. అదే ఆర్సెనల్, అదే ట్యూస్‌డే క్లబ్. 1994 నవంబరులో మందు, కొకైన్, జూదం మూడూ ఉన్నాయని బహిరంగంగా ఒప్పుకున్నాడు, ఆడమ్స్‌కంటే రెండేళ్ల ముందు. చికిత్స అయ్యాక తిరిగి ఆడాడు, 1998 ప్రపంచకప్ జట్టులో కూడా ఉన్నాడు. చేతినిండా పని, మంచి జట్టు, అన్నీ ఉన్నాయి. అయినా జూదం, మందు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వచ్చాయి. పాల్ మెక్‌గ్రాత్‌ది ఇంకో రకం. మోకాళ్లు అరిగిపోయి యునైటెడ్ 1989లో రిటైర్మెంట్ డబ్బు చేతిలో పెట్టబోతే కాదని ఆస్టన్ విలా వెళ్లాడు. అక్కడ ప్రాక్టీసు దాదాపు మినహాయించి, శనివారం ఆడితే చాలన్నారు. 1993లో తోటి ఆటగాళ్ల ఓట్లతో ఇంగ్లండ్‌లో ఏడాది ఉత్తమ ఆటగాడయ్యాడు. క్లబ్బు చల్లగా చూసుకుంది, ఆట బతికింది. తాగుడు ఆగలేదు. సర్దుకుపోయే క్లబ్బు ఒక్కోసారి జబ్బుని దాచిపెట్టే తెర అవుతుందని నాకనిపిస్తుంది. గాస్కోయిన్‌కి చేయూత ఇచ్చినవాళ్లకి లెక్కే లేదు, అయినా నిలబడలేకపోయాడు.

గరించాని ఈ లెక్కలో ఎక్కడ పెడతారు? బ్రెజిల్‌లో పావ్ గ్రాండి అనే బట్టల మిల్లు ఊళ్లో పుట్టాడు, తండ్రి కూడా తాగేవాడే. వంకర కాళ్లతో 1958, 1962 ప్రపంచకప్‌లు గెలిపించాడు. గరించా, పెలే కలిసి ఆడిన ఒక్క మ్యాచ్ కూడా బ్రెజిల్ ఓడలేదు. గరించా ఆడి బ్రెజిల్ ఓడింది ఒకేసారి, 1966లో హంగరీ మీద, అదే అతని చివరి అంతర్జాతీయ మ్యాచ్. మోకాళ్లు పాడైపోయినా టికెట్లు అమ్ముడవుతాయని ఇంజక్షన్లు ఇచ్చి దింపారు. 1969లో అతను నడుపుతున్న కారు ప్రమాదంలో అతని సహచరి, గాయని ఎల్జా సోరెస్ తల్లి చనిపోయింది. 1983 జనవరిలో 49 ఏళ్లకి లివర్ పాడై పోయాడు. అతనికి చికిత్స, కౌన్సెలింగ్, ఉద్యోగం అని మనం ఇక్కడ మాట్లాడుకునేవేవీ సరిగ్గా అందలేదు. ఆ రోజుల్లో ఆట మానితే పెన్షన్ లేదు, బీమా లేదు.

చదువు ఉంటే సరిపోతుందా అంటే బ్రెజిల్ ఆటగాడు సోక్రటీస్ ఉన్నాడు. స్వయంగా డాక్టర్. లివర్‌కి ఏమవుతుందో మనందరికంటే బాగా తెలుసు. 2011 ఆగస్టులో పొట్టలో రక్తస్రావంతో ఆసుపత్రిలో చేరాడు, డిసెంబరు 4న 57 ఏళ్లకి పోయాడు. ఆ రోజే అతని కొరింథియన్స్ బ్రెజిల్ ఛాంపియన్ అయింది.

మిడ్‌ఫీల్డ్_మూర్తి:

గోపీ, మెర్సన్ మీద నీ మాట ఒప్పుకుంటున్నా. రోజు నిండుగా ఉంటే చాలని నేననలేదు, లేకపోతే కష్టమని అన్నా. మెక్‌గ్రాత్ విషయంలో తేడా ఏంటంటే విలా అతని మోకాళ్లకి వీలుగా రోజు కుదించింది, బయర్న్ ముల్లర్‌కి రోజు కట్టించింది. గ్రీవ్స్‌ని కూడా మర్చిపోకు. 1971లో పెద్ద ఫుట్‌బాల్ వదిలాక ఐదారేళ్లు పూర్తిగా మునిగిపోయాడు, ఇల్లు చెదిరింది. 1978లో మానేశాడు. అప్పటికే బార్నెట్ అనే చిన్న క్లబ్బుకి ఆడుతున్నాడు, తర్వాత టీవీ. 2021లో 81 ఏళ్లకి పోయేదాకా మళ్లీ ముట్టలేదు. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో 357 గోల్స్ కొట్టినవాడు నాన్‌లీగ్ మైదానంలో ఆడటానికి సిగ్గుపడలేదు. బెస్ట్ వెళ్లిన చోటల్లా అతన్ని బెస్ట్‌గానే చూశారు, అదే అతనికి శాపమేమో.

హాఫ్‌టైమ్_ఫిజియో:

ఆట మీద ప్రభావం లెక్కల్లో అడిగారు కదా, ఇవి రాసుకోండి.

2014లో వచ్చిన ఒక ప్రయోగంలో గట్టి వ్యాయామం తర్వాత కిలో బరువుకి ఒకటిన్నర గ్రాముల ఆల్కహాల్ ఇచ్చి కండరం తిరిగి కట్టుకునే వేగం కొలిచారు. ప్రొటీన్‌తో పాటు తాగినా 24 శాతం తగ్గింది, ప్రొటీన్ బదులు పిండి పదార్థంతో తాగితే 37 శాతం. అంటే మ్యాచ్ అయ్యాక చికెన్ తిని తాగాను కాబట్టి ఫర్వాలేదు అనేది చెల్లదు. 70 కిలోల కుర్రాడికి ఒకటిన్నర గ్రాముల లెక్కన 105 గ్రాములు, అంటే క్వార్టరున్నర పైన. ఎక్కువే, కానీ శనివారం రాత్రి పార్టీలో అంత దిగడం ఏమంత అరుదు కాదు.

రెండోది నిద్ర. మందు పడుకోబెడుతుంది, నిద్రపోనివ్వదు. రాత్రి రెండో సగంలో మాటిమాటికీ మెలకువ వస్తుంది, గాయాలు మానే పనంతా కుంటుపడుతుంది. మూడోది నీరు. కిడ్నీలు నీటిని ఆపుకునే హార్మోన్‌ని ఆల్కహాల్ అణిచేస్తుంది, మ్యాచ్‌లో పోయిన నీటికి ఇంకొంచెం తోడవుతుంది. మన ఎండల్లో ఇది యూరప్‌లోకంటే పెద్ద సమస్య. కండరం బెణికినచోట మొదటి రెండు రోజులు తాగితే వాపు, లోపలి రక్తస్రావం పెరుగుతాయి. గాయంతో ఖాళీగా ఉన్నవాడే ఎక్కువ తాగుతాడు, అందుకే గాయం ఇంకా సాగుతుంది. బ్యాక్స్‌టర్ కాలు విరిగినప్పటి సంగతి మూర్తి గారు చెప్పారుగా.

చెమట పట్టిస్తే దిగిపోతుందనే మూఢనమ్మకం ఒకటుంది. ఇంగ్లిష్ క్లబ్బుల్లో ఆ కాలం ఆటగాళ్లు ప్లాస్టిక్ చెత్త సంచి తొడుక్కుని పరుగెత్తేవాళ్లు. చెమట, మూత్రం, ఊపిరి అన్నీ కలిపి బయటికి పోయేది పదో వంతు లోపే. మిగతాదంతా లివర్ తన వేగంతోనే చేస్తుంది, నువ్వు పరుగెత్తినా పడుకున్నా. పైగా హ్యాంగోవర్‌లో సంచి వేసుకుని పరుగెత్తితే ఎండదెబ్బ తగులుతుంది.

మరి 70లు, 80లలో ఎలా నడిచింది? అవతలి జట్టు కూడా తాగేది కాబట్టి. అందరూ ఒకే స్థాయిలో అలసిపోతే తేడా కనిపించదు. వెంగర్ వచ్చి తిండి, నిద్ర, స్ట్రెచింగ్ మార్చి, ఆటగాళ్ల గదిలో మందు ఎత్తేశాక ఆ పాత రక్షణ పోయింది.

లెఫ్ట్‌వింగ్_ఓరుగల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో మూడు సందేహాలు. కోచ్‌గా ముందే ఎలా గుర్తుపట్టాలి, రక్తపరీక్షతో తెలుస్తుందా? డైసల్ఫిరామ్ మాత్ర ఇంట్లోవాళ్లు చెప్పకుండా కూరలో, మజ్జిగలో కలిపి ఇస్తారని వింటుంటాం, అది పనిచేస్తుందా? క్వార్టర్ అంటే ఎన్ని గ్రాములో కూడా లెక్క కట్టి చెప్పండి, పిల్లలకి యూనిట్లు అంటే అర్థం కాదు.

కాలేయం_కబుర్లు:

రక్తపరీక్ష ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు, ముఖ్యంగా ఆటగాళ్లలో. లివర్ పరీక్షలో చూసే ఏఎస్‌టీ అనే ఎంజైమ్ కండరంలో కూడా ఉంటుంది, గట్టి ప్రాక్టీసు తర్వాత రెండు మూడు రోజులు అది పెరిగే ఉంటుంది. రిపోర్టు చూసి తాగుబోతు అని ముద్ర వేయడం అన్యాయం. అలాంటప్పుడు కండరం దెబ్బతింటే పెరిగే సీకే అనే ఎంజైమ్ పరీక్ష కూడా చేయించి చూస్తారు, అది బాగా ఎక్కువుంటే కారణం కండరమే కావచ్చు. జీజీటీ అనే లివర్ ఎంజైమ్ పెరగడం, ఎర్రకణాల సైజు పెరగడం, ఏఎస్‌టీ ఇంకో లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీకి రెట్టింపు దాటడం, ఇవి కలిసి కనిపిస్తే తాగుడు వైపు చూపిస్తాయి. ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ అనే పరీక్ష గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడుని పట్టిస్తుంది, అన్ని ల్యాబుల్లో దొరకదు. కోచ్‌కి పరీక్షకంటే కన్ను మేలు: సోమవారం గైర్హాజరు, చిన్న గాయాలు మానకపోవడం, పొద్దున చేతి వణుకు, అప్పులు, "నిన్న ఏం చేశానో గుర్తులేదు" అనే మాట. పొద్దున్నే ఒక చుక్క పడితేగానీ చేయి నిలవట్లేదంటే అది అలవాటు దశ దాటిపోయింది, ఇంటి దగ్గర మాన్పించే ప్రయత్నం చేయకండి, ఆసుపత్రికి పంపండి.

చాటుగా కలపడం గురించి: వద్దు. ఎప్పుడూ వద్దు. డైసల్ఫిరామ్ మొదలుపెట్టే ముందు కనీసం 12 గంటలు మందు ముట్టి ఉండకూడదు, ఆపాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. తెలియనివాడు ఎప్పటిలాగే క్వార్టర్ తాగేస్తాడు. గుండె బలహీనంగా ఉంటే బీపీ పడిపోయి చనిపోవచ్చు. లివర్ చెడినవాడికి ఈ మాత్రే విషం. పైగా విషయం బయటపడ్డాక ఇంట్లోవాళ్ల చేతి ముద్ద కూడా నమ్మడు, అసలు చికిత్సకి ఇక రాడు. కొన్ని దగ్గు మందుల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, తెలిసి వేసుకునేవాడే వాటిని తప్పించుకోగలడు.

తెలంగాణలో ఉన్నారు కాబట్టి ఇంకోటి. కల్తీ కల్లు తాగేవాడు మానితే వచ్చే వణుకు, ఫిట్స్ వెనక కల్లులోని ఆల్కహాల్‌కంటే అందులో కలిపే ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్ లాంటి మత్తు మందులే ఎక్కువ. డాక్టర్‌కి "కల్లు" అని విడిగా చెప్పాలి, మోతాదు లెక్క మారిపోతుంది. ఫోన్‌లో సలహాకి టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, రెండూ ఉచితమే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

హాఫ్‌టైమ్_ఫిజియో:

గ్రాముల లెక్క నేను చెప్తా. సీసా మీద ఉన్న మిల్లీలీటర్లని శాతంతో గుణించి 100తో భాగిస్తే అసలు ఆల్కహాల్ ఎంతో వస్తుంది, దాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు. 42.8 శాతం విస్కీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు: 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, 61 గ్రాములు. 60 మిల్లీలీటర్ల పెగ్గు 20 గ్రాములు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసా సుమారు 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ బీరు అయితే 41. "బీరే కదా" అనేవాళ్లకి బోర్డు మీద ఈ చివరి అంకె రాసి చూపించండి, రెండు పెగ్గులు దాటింది.

లివర్ గంటకి అటూ ఇటూగా 7, 8 గ్రాములు మాత్రమే కాల్చగలదు. క్వార్టర్‌కి ఎనిమిది గంటలు. రాత్రి 11కి సీసా ఖాళీ చేసినవాడు పొద్దున 6 గంటల ప్రాక్టీసుకి వచ్చేసరికి రక్తంలో ఇంకా ఉంటుంది, బండి మీద వస్తే పోలీసు గొట్టంలో కూడా కనిపించవచ్చు. క్లాసులో పిల్లల చేతే ఈ లెక్క వేయించండి, క్యాలిక్యులేటర్ వాళ్ల దగ్గరే ఉంటుంది.